చూపు దారి

ఆళ్ళగడ్డలో ఇల్లు కట్టుకునేవాడు పునాది తవ్వకముందే చుట్టూ ఉన్న పొదలన్నీ కొట్టించేస్తాడు. చెట్టు ఉంటే దాని మొదలు చుట్టూ నేల కనిపించాలి. వాకిట్లో నిలబడితే నాలుగు వైపులా వచ్చేపోయే మనిషి ఆనవాలు తెలియాలి. ఇది ఒకరు చెప్పగా ఇంకొకరు నేర్చుకునే సంగతి కాదు. పగ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ అలాగే కట్టుకుంటారు. నీడ కావాలంటే ఒక వేపచెట్టు, అదీ ఇంటికి దూరంగా.

డ్రాయింగు మాస్టరు ఇస్సాకు 1974లో ఊరి చివర, కాలువ వైపు, పదిహేను సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నాడు. గోడకు బదులు చుట్టూ కిలువ మొక్కల కంచె నాటించాడు. వసారాలో నాపరాళ్ళు పరవడానికి వచ్చిన లాల్ సాహెబ్ పని ఆపి ఆ నాట్లు చూశాడు.

"గోడ ల్యాకుండా ఈ కంప ఏంది సారూ? బండలు నిలబెట్టిస్తే రెండు దినాల పని."

"గోడ మీద పిట్ట గూడు కట్టదు భాయ్."

"పిట్ట కోసరం గోడ మానుకున్యావా!" లాల్ సాహెబ్ తన మనుషుల వైపు తిరిగి కన్ను గీటాడు. "రెండేండ్లు పోనీ, ఈ గుబురులో నలుగురు కూచున్యా తెలీదు. నీకు పగోళ్ళు ల్యారు సరే. పక్కింటోనికి ఉండరా ఏంది?"

అందరూ నవ్వారు. ఇస్సాకూ నవ్వాడు. అర్థం కానివాళ్ళ కోసం అతని దగ్గర ఒక నవ్వు విడిగా ఉండేది. దాన్ని నలభై ఏళ్ళుగా వాడుతూ వచ్చాడు.

ఆ తోట నేల మీదికి రాకముందు మూడేళ్ళు కాగితం మీద ఉంది. 1971లో నంద్యాలలో అద్దె గదిలో ఉన్నప్పుడు పెద్ద డ్రాయింగు షీటు మీద గీసుకున్నాడు. ఇల్లు ఒక చోట, తోట ఒక చోట అని కాదు, రెండూ ఒకే బొమ్మగా. వంటింటి నీళ్ళు ఏ పిల్లకాలువలో నడిచి అరటి మొదళ్ళకు చేరాలి, స్నానం నీళ్ళు ఏ గుంటలో ఇంకుతూ కప్పలకు చెమ్మ ఇవ్వాలి, పడమటి గోడ వేడెక్కకుండా మునగా సీతాఫలమూ ఎంత ఎడంలో ఉండాలి, ఏ కిటికీ ఎంత కిందికి దిగితే మంచం మీద పడుకున్నవాడికి గోరింట పూల మీద తేనెపిట్ట కనిపిస్తుంది, అన్నీ కొలతలతో వేశాడు. కంచె లోపల కలివి, బలుసు పొదలు. ముళ్ళుండాలి, ముళ్ళ వెనక చీకటుండాలి. రాలిన ఆకును ఊడవకూడదు. దాని కింది పురుగు నల్లంచి పిట్టకు తిండి. మందు అనేదే చల్లకూడదు. కింది మూలలో సంతకం, తేదీ.

అతని తండ్రి పౌలు నంద్యాలలో ఒక దొరల బంగళాలో మాలి. తాడు కట్టి, ఆ తాడు వెంట కత్తెర నడిపి, కంచెను బల్లలాగా చదును చేసేవాడు. మధ్యలో పిట్ట గూడు తగిలితే తీసి పారేసేవాడు, వరస చెడుతుందని. దొరసాని మెచ్చుకునేది. బడిలో ఇస్సాకు పేరు ఇస్సాకు కాదు, మాలి పౌలు కొడుకు. ఉద్యోగం వచ్చాక కూడా చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు ఆ మాటతోనే అతన్ని ఇంకొకరికి పరిచయం చేసేవారు. తోట అంటే అతనికి ప్రాణం, తోటమాలి అన్న మాటంటే భయం. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు జాగాలోనే మనిషి మొత్తం సర్దుకుని బతికాడు. అందుకే తోట వేశాను అని ఎప్పుడూ అనలేదు. ప్లాను గీశాను అనేవాడు.

"నీ ప్లానులో నా బట్టలారేసుకునే తీగె యాడుందయ్యా?" అని అతని భార్య ఎస్తేరు అడిగింది, ఇంట్లో దిగిన రోజునే. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆమెకు బదిలీ కావడంవల్లనే వాళ్ళు ఆళ్ళగడ్డ వచ్చారు. పిల్లలు లేరు.

నాలుగేళ్ళలో తోట కాగితం మీద ఉన్నట్టే లేచింది. కిలువ మనిషిన్నర ఎత్తు పెరిగింది. ఆ ఒక్క కంచెలో పికిలిపిట్టల గూళ్ళే ఏడు. జెముడుకాకి ఒకటి పొద్దున్నే అరటి కింద యజమానిలా తిరిగేది. ముంగిస ఒకటి రోజూ ఒకే వేళకు దాటేది. శిల్పులు గీటు పడిందని వదిలేసిన పీఠం రాయిని కొని బండిలో తెప్పించి, మధ్యలో గుంత తొలిపించి, తూర్పు కంచె దగ్గర నీళ్ళ తొట్టిగా పెట్టాడు. దానికి ఎదురుగా, ఈ చివర మునగ కింద, ఒక బండ అరుగు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ ఇంట్లో విసనకర్ర అవసరం ఉండేది కాదు.

చూడటానికి ఎవరూ రాలేదు. బడిలో పనిచేసేవాళ్ళు ఒకసారి వచ్చి, "బాగుండాది. పాములుంటాయే?" అని కాఫీ తాగి వెళ్ళారు. ఇస్సాకు ఒంటరితనాన్ని ఇష్టంతో ఎంచుకున్నానని నమ్మేవాడు. కానీ ఒంటరిగా ఉండేవాడికి కూడా తన ఒంటరితనాన్ని చూసి మెచ్చుకునే ఒక మనిషి కావాలి. ఆ మనిషి కోసం నాలుగేళ్ళు ఎదురుచూశాడు.

తూర్పు కంచెకు అవతల ఒక సందు. ఆ సందులోకి పక్కింటి సంజీవయ్య పెరటి తలుపు తెరుచుకునేది. సంజీవయ్యది విత్తనాల అంగడి. 1977లో సంతలో పట్టపగలు ఒకణ్ణి నరికారు. చూసినవాళ్ళలో కడదాకా మాట మార్చకుండా మిగిలింది ఇతనొక్కడే. కేసు నంద్యాల కోర్టులో ఉంది. అప్పటినుంచి వీధి తలుపు వాడటం మానేశాడు. ఒక రోజు తెల్లారుజామున, ఒక రోజు మిట్టమధ్యాహ్నం, పెరటి తలుపున సందులోకి దిగి, కంచె చాటున కాలువగట్టు ఎక్కి వెళ్ళేవాడు.

"కంచె మాత్రం కత్తిరించొద్దు సారూ," అన్నాడొకసారి. "ఇది ఉండబట్టే నేనెప్పుడు పోతాండానో ఎప్పుడొస్తాండానో ఎవనికీ తెలీడంల్యా. గోడ కంటే మేలు ఇది నాకు."

ఇస్సాకు తలూపాడు. లోపల ఏదో గుచ్చుకుంది. నాలుగేళ్ళుగా ఆ కంచెను రోజూ చూస్తున్న మనిషి అతనొక్కడే. అతని కంటికి కూడా అది గోడే.

1978 వానాకాలంలో నరసింహులు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, అవుకు ఊరి మనిషి, బస్టాండు దగ్గర లారీ ఆఫీసులో పని అన్నాడు. కిలువ కొమ్మలు రెండు కావాలని అడిగాడు. కొమ్మలు తీసుకుని వెళ్ళకుండా నిలబడ్డాడు. తువ్వాలు భుజం మీదినుంచి తీసి చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు.

"ఇంట్ల నుంచి జూస్తే తోట, తోటల నుంచి జూస్తే ఇల్లు. రెండూ ఒగటే మాదిరి ఉండాయి గదా సార్. ఎవురు గీసినారు ఇది?"

వేసినారు అనలేదు. గీసినారు అన్నాడు.

ఆ సాయంత్రం ఇస్సాకు పెట్టె తెరిచి షీటు తీసి అరుగు మీద పరిచాడు. నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. నరసింహులు వేలు ఆనించకుండా వంగి చూశాడు.

"తేదీ డెబ్భయ్యొకటి ఉండాది. అప్పటికి ఇల్లు యాడిది సార్?"

"ఇల్లు లేదు. స్థలం కూడా లేదు."

"ఇల్లు ల్యాకముందే పిట్టకు జాగా జూసినావా! అబ్బా."

ఆ రోజు నుంచి వారానికి మూడు నాలుగుసార్లు వచ్చేవాడు. మొదట సాయంత్రాలు, తర్వాత తెల్లవారుజామున. "తెల్లారే పిట్టలు ఎక్కువ గదా సార్," అన్నాడు. నిజమే. అరుగు మీద ఒక చివర అతను, ఒక చివర ఇస్సాకు. ఎక్కువ మాటలుండేవి కావు. పేర్లు నేర్చుకున్నాడు. తల మీద నల్ల కుచ్చుంటే పికిలి, తోక ఎగరేస్తే నల్లంచి. ఇస్సాకు జీవితంలో ఇంకో మనిషి పక్కన కూర్చుని ఏమీ దాచుకోవాల్సిన అవసరం లేకుండా గడిపిన గంటలు అవే.

ఎస్తేరు టీ గ్లాసులు తెచ్చి పెట్టి, వంటింట్లోకి వచ్చాక అనేది: "వాడు పిట్టను జూసేటోని మాదిరి ల్యాడయ్యా. పిట్ట ఎగిరిపోయినా వాని కన్ను ఆడ్నే ఉంటాది."

"నీకు మనుషుల మీద అనుమానం ఎక్కువ."

"నాకు రోజూ రోగాల్తో పని. అనుమానం ఉండాల."

జనవరిలో ఒక పొద్దున నరసింహులు అరుగు మీదినుంచి లేచి, కళ్ళు చికిలించి చూసి, మళ్ళీ కూర్చున్నాడు. "తొట్టెనక ఆ రెండు కొమ్మలు అడ్డమొస్తాండాయి సార్. అవి తీసేస్తే తూర్పు ఎలుతురు ఎనక నుంచి పడతాది. పిట్ట నీళ్ళ మీద బొమ్మ మాదిరి కనపడతాది."

ఇస్సాకు చూశాడు. చిత్రకారుడి కంటికి వెంటనే తెలిసింది. వెలుగు అక్కడినుంచి రావాలి. ఇన్నేళ్ళూ తనకెందుకు తోచలేదు? కొడవలి తెచ్చి తనే కొట్టాడు. రెండడుగుల వెడల్పున కంచె తెరుచుకుంది. మర్నాడు తెల్లారి నల్లంచి వచ్చి తొట్టి అంచున వాలినప్పుడు, దాని తోక చుట్టూ వెలుగు గీత కట్టింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఇద్దరూ దాన్నే చూశారని ఇస్సాకు అనుకున్నాడు.

రెండు రోజులు గడిచేసరికి ఆ ఆలోచన తనదే అయింది. మనసు చేసే ఈ దొంగతనానికి చప్పుడుండదు. మూడో రోజు షీటు తీసి, తూర్పు కంచె గీతను ఒక చోట రబ్బరుతో చెరిపి, అరుగు నుంచి తొట్టి మీదుగా ఒక చుక్కల గీత లాగి, దాని పక్కన చిన్న అక్షరాలతో 'చూపు దారి' అని రాశాడు. కింద 1971 తేదీ అలాగే ఉంది. దాన్ని మార్చాలని తోచలేదు. లేక తోచి వదిలేశాడు.

ఇంకొకటి కూడా అతను చూశాడు, చూసి వదిలేశాడు. ఒక పొద్దున మంచు పట్టి పిట్ట ఒక్కటీ రాలేదు. తొట్టిలో నీళ్ళు తప్ప ఏమీ లేదు. నరసింహులు అరగంట ఆ వైపే చూసి, "శానా బాగుండాది సార్ ఈ పొద్దు," అని లేచి వెళ్ళాడు. ఇస్సాకుకు ఒక్క క్షణం ఏదో చల్లగా తగిలింది. వెంటనే దానికి ఒక అర్థం చెప్పుకున్నాడు: ఖాళీ నీళ్ళను చూడటం కూడా నేర్చుకున్నాడు, నాకంటే ముందుకు పోయాడు.

కొమ్మలు కొట్టిన వారానికి సంజీవయ్య కంచె సందులోంచే పిలిచాడు. ఆ రెండడుగుల ఖాళీలో అతని ముఖం చట్రంలో బిగించినట్టు కనిపించింది.

"ఏంది సారూ ఇది? నీ అరుగు మీద కూచుంటే మా పెరటి తలుపు కనపడతాంది."

"నీళ్ళ తొట్టి కోసం తీసింది. మీ తలుపు కోసం కాదు."

"నీకు తొట్టే కనపడతాది. ఇంగొకనికి?"

"చిగురేస్తుందిలే. వానలకు మూసుకుపోతుంది."

"వానలు జూన్లో గదా సారూ. నాకు వాయిదా ఫిబ్రవరిలో." సంజీవయ్య గొంతు తగ్గించాడు. "ఒక తడిక అడ్డం పెట్టుకుంటా. నా సొంత దుడ్లతో తెచ్చి నేనే కడతా. వాయిదా అయిపోతానే తీసేస్తా."

ఇస్సాకు తడికను ఊహించుకున్నాడు. తాటాకు తడిక, వెలుగు గీతకు అడ్డంగా. "చూద్దాం," అన్నాడు. చూద్దాం అంటే కాదని ఇద్దరికీ తెలుసు.

ప్రాణభయం ఉన్నవాడికి అడగడంలో ఒక సిగ్గుంటుంది. సంజీవయ్య రెండోసారి అడగలేదు.

"తడిక పెట్టనిస్తే నీ సొమ్మేం పోతాది?" అంది ఎస్తేరు.

"నీకు తెలీదు."

"అవులే. ఆ నరసింహులుకే తెలుసు."

వాయిదాకు ముందు రోజు తెల్లారి మంచు విడుతుండగా నరసింహులు అరుగు మీద ఉన్నాడు. ఇస్సాకు వంటింటి గడపలో గ్లాసులు పట్టుకుని బయటికి వస్తున్నాడు. కంచెకవతల గడియ తీసిన చప్పుడు వినిపించింది. నరసింహులు లేచాడు. "ఇంగ వస్తా సార్," అన్నాడు. టీ వద్దన్నాడు. వాకిలి దాటి రోడ్డు మీద నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి గట్టిగా రెండుసార్లు విదిలించి, మళ్ళీ వేసుకుని, బస్టాండు వైపు నడిచాడు. ఇస్సాకు రెండు గ్లాసుల టీ తనే తాగాడు.

కాలువ మీది కల్వర్టు దగ్గర, వాయిదాకు ఒక రోజు ముందే నంద్యాల చేరాలని మొదటి బస్సు కోసం పోతున్న సంజీవయ్యను నలుగురు చుట్టుముట్టారు. కేకలు వినిపించేసరికి అయిపోయింది. ఎస్తేరు పరిగెత్తింది. చీర నిండా నెత్తురుతో తిరిగి వచ్చి, తొట్టి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంది.

మధ్యాహ్నం ఎస్సై వచ్చాడు. తోటంతా తిరిగాడు. చివరికి అరుగు మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, ఇట్లా వచ్చి కూర్చోండి. ఏం కనపడతా ఉంది?"

"నీళ్ళ తొట్టి."

"దాని వెనక?"

ఇస్సాకు చూశాడు. నీలం రంగు వేసిన పెరటి తలుపు, సరిగ్గా మధ్యలో. కొమ్మలు రెండు వైపులా ఒదిగి, వెలుగు దాని మీదికే పోతోంది. అంత పొందికైన కూర్పు అతను ఏ విద్యార్థికీ చూపించి ఉండడు. నెలరోజులుగా తన కళ్ళ ముందే ఉన్న ఆ తలుపును అతను ఆ రోజే చూశాడు.

అన్నీ చెప్పాడు. కొమ్మలు కొట్టమన్నదెవరో, తెల్లారి వేళలు ఎంచుకున్నదెవరో, గడియ చప్పుడు, తువ్వాలు, అన్నీ. చెబుతున్నప్పుడు గొంతు వణికింది. పోయిన మనిషి కోసమని ఎస్సై అనుకున్నాడు. ఇస్సాకు కూడా అలాగే అనుకోవడానికి ప్రయత్నించాడు. కానీ లోపల మండుతున్నది వేరు. ఎనిమిది నెలలు. ఒక్క పిట్టనైనా చూశాడా వాడు? పక్కింట్లో శవం ఉంది, సంజీవయ్య భార్య ఏడుపు కంచె దాటి వినిపిస్తోంది, అతను మాత్రం ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. తన మీద తనకు అసహ్యం వేసింది. అసహ్యం కూడా ఆ ప్రశ్నను కదిలించలేకపోయింది.

షీటు చూసి ఎస్సై ఆశ్చర్యపోయాడు. "మా వాళ్ళు గీసే ప్లాను దీని ముందు దండగ," అని చుట్టి తీసుకుపోయాడు. 'చూపు దారి' తర్వాత చేర్చిందని ఇస్సాకు చెప్పాడు. ఎస్సై రాసుకున్నాడు.

నరసింహులును పట్టుకున్నారు. నరికిన నలుగురికీ అతనికీ మధ్య దారం ఇస్సాకు మాటే. ఆ మాట నిలిస్తేనే వాడికి శిక్ష పడుతుందని, లేకపోతే పిట్టలు చూడటానికి వచ్చిన మనిషిగా బయటపడతాడని అందరికీ తెలుసు. సంజీవయ్య భార్య ఉమామహేశ్వరమ్మ నెలకొకసారి వాకిట్లోకి వచ్చి నిలబడేది. కూర్చోమంటే కూర్చునేది కాదు.

"నీ మాట ఒగటే ఉండాది సారూ. మర్సిపోవు గదా?"

"లేదమ్మా."

రెండేళ్ళు గడిచాయి. ఎస్తేరు పగలు కూడా తలుపు గడియ పెట్టుకునేది. బెదిరింపు వస్తుందని, ఉత్తరమో మనిషో రాయో వస్తుందని ఇద్దరూ ఎదురుచూశారు. ఏదీ రాలేదు. ఒక్కరూ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. ఇస్సాకుకు అందులో కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

1981 ఎండాకాలంలో నంద్యాల కోర్టులో పిలిచారు. కోటు వేసుకున్నాడు. పుట్టి పెరిగిన ఊరు. కోర్టు హాలు నిండా జనం, చర్చి మనుషులు నలుగురైదుగురు ఉన్నారు. బోనెక్కుతుంటే బెంచీ మీదినుంచి ముసలి మరియమ్మ పక్కామెకు చెప్పడం వినిపించింది: "మన మాలి పౌలు కొడుకు గదమ్మా. నాయన మాదిరే తోటపనంట."

అవతలి బోనులో నరసింహులు. సన్నబడ్డాడు. కోపంగా చూస్తాడనుకున్నాడు ఇస్సాకు. అతను మామూలుగా చూశాడు, అరుగు మీద కూర్చున్నప్పటిలాగే, ఏం చెప్తాడో విందామన్నట్టు.

ప్రభుత్వ వకీలు అడిగినవాటికి మెల్లగా జవాబులు చెప్పాడు. కొమ్మల సంగతి దగ్గరికి వచ్చేసరికి, "అతను చూడటానికి వచ్చేవాడు, మాట్లాడుకునేవాళ్ళం," అన్నాడు. ఎవరు కొట్టమన్నారంటే, "మాటల్లో వచ్చింది," అన్నాడు. వకీలు చిరాకుపడి కూర్చున్నాడు.

ముద్దాయిల వకీలు లేచాడు. పెద్దమనిషి, తెల్ల జుట్టు. షీటును బల్ల మీద మెల్లగా విప్పించాడు, చిరగకుండా.

"మాస్టారూ, ఇది మీరు గీసిందేనా?"

"అవును."

"ఇంజనీరు సాయం ఏమైనా?"

"లేదు."

"నేను చాలా ప్లాన్లు చూశాను. ఇంటినీ చెట్టునూ పక్షినీ నీటినీ ఒక్కటిగా ఆలోచించి గీసింది చూడలేదు." జడ్జి కూడా వంగి చూశాడు. "కింద తేదీ 1971. తేదీ మీరు వేసిందే?"

"అవును."

"ఇక్కడ కంచెలో ఖాళీ ఉంది. చుక్కల గీత ఉంది. 'చూపు దారి' అని మీ చేతి రాత. ఈ పటానికంతటికీ ఇదే ప్రాణమని నాకనిపిస్తుంది. నేను చిత్రకారుణ్ణి కాదు, తప్పయితే చెప్పండి."

"తప్పు కాదు."

"ఇంత ఆలోచన చేసిన మనిషి, పటంలో ప్రాణంలాంటి దాన్ని మరిచిపోతే, లారీ ఆఫీసులో పనిచేసేవాడు, మూడో తరగతి చదివినవాడు వచ్చి, ఇక్కడ రెండు కొమ్మలు కొట్టు సార్ అని చెప్పాడా? మీరు కొడవలి తీసుకుని కొట్టారా?" ఎవరో కిసుక్కున నవ్వారు. "ప్లాను గీసిందెవరు మాస్టారూ? మీరా, ఈ నరసింహులా? అతను చెబితే కొట్టిన పనివాడేనా మీరు?"

హాలులో మళ్ళీ నవ్వు. బెంచీల మీద మరియమ్మ ముందుకు వంగింది. ఏం చెప్పాలో ఇస్సాకుకు తెలుసు. ఆ మాట చెబితే ఏం జరుగుతుందో, చెప్పకపోతే ఏం జరుగుతుందో కూడా తెలుసు. ముందు వరసలో ఉమామహేశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అతన్నే చూస్తోంది. అన్నీ చాలా స్పష్టంగా కనిపించాయి.

"నా ప్లానే," అన్నాడు. "ఎవరూ చెప్పలేదు. మొదటినుంచీ అందులో ఉంది."

"1971 నుంచీ?"

"1971 నుంచీ."

"మరి ఈ అబ్బాయి మీ ఇంటికి ఎందుకు వచ్చేవాడు?"

"పిట్టలను చూడటానికి." ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం అతను నరసింహులు వైపు చూశాడు. ఒక్క తల ఊపు కోసం చూశాడు. నరసింహులు కళ్ళు దించుకున్నాడు. పెదవి చివర నవ్వు ఆపుకోవడానికి.

ప్రభుత్వ వకీలు లేచి, సాక్షి అడ్డం తిరిగాడని చెప్పి, పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలం చదివాడు. అది అప్పటి కంగారులో చెప్పిందన్నాడు ఇస్సాకు. నెల తిరిగేలోగా నరసింహులు విడుదలయ్యాడు. అలా జరగబోతోందని ఆ రోజు కోర్టు వరండాలోనే అందరికీ తెలిసిపోయింది.

సాయంత్రం ఆళ్ళగడ్డ బస్సులో ఇస్సాకుకూ ఎస్తేరుకూ చోటు దొరికింది. రెండు వరసల ముందు ఉమామహేశ్వరమ్మ, ఆమె తమ్ముడు. బస్సు కదిలాక తమ్ముడు వెనక్కి తిరిగి, "యెంతకు అమ్ముడుపోతివి సారూ?" అన్నాడు. ఉమామహేశ్వరమ్మ అతని భుజం పట్టి ముందుకు తిప్పింది. తర్వాత లేచి, కడ్డీలు పట్టుకుంటూ వచ్చి, ఇస్సాకు సీటు దగ్గర నిలబడింది. ఎస్తేరు జరిగి చోటిచ్చింది.

"వాని మాట పట్టించుకోవద్దు సారూ. నువ్వు దుడ్లు తీసుకునే మనిషివి గాదు, నాకు తెలుసు." ఆమె గొంతులో కోపం కోసం ఇస్సాకు వెతికాడు. లేదు. "భయమేసింటాది. పేణభయం ఎవురికి ఉండదు? మా ఆయన కూడా నీ మాదిరి భయపడింటే ఈ పొద్దు ఇంట్ల ఉండేటోడు."

"రెండేండ్ల నుంచి నిద్ర ల్యాదక్కా ఈ మనిషికి," అంది ఎస్తేరు ఏడుస్తూ. ఆమె కూడా నమ్మింది. ఊరూ నమ్ముతుంది. చర్చిలో ప్రార్థన కూడా చేస్తారు, భయంలో పడిన సోదరుడి కోసం.

ఎవరూ నన్ను బెదిరించలేదమ్మా, అని చెప్పవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. చెబితే ఇంకేదో చెప్పాలి, దానికి ఈ బస్సులో ఎవరికీ అర్థమయ్యే మాట లేదు. భయం అందరికీ అర్థమవుతుంది. అది శుభ్రమైన పాపం, దానికి క్షమాపణ సిద్ధంగా ఉంది.

"అవునమ్మా," అన్నాడు. "భయమేసింది."

"ఏడ్వాకు సారూ," అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

అతను ఏడవడం లేదు. ఆమె అన్నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరైన వేళకు వచ్చాయని, ఎక్కువా తక్కువా కాకుండా సరిపోయాయని, అతని లోపల కూర్చున్న ఒకడు గమనించాడు.